డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్‌షాట్లకు అడ్డుకట్ట: ఏ పద్ధతి ఎవరికి?

"ఈ స్క్రీన్‌ని ఎవరూ స్క్రీన్‌షాట్ తీయకుండా చేయండి." క్లయింట్ దగ్గర నుంచి ఒక్క వాక్యంలో రిక్వైర్‌మెంట్ వస్తుంది. దాన్ని పట్టుకుని వెతకడం మొదలుపెడితే అరడజను దారులు కనిపిస్తాయి. ఒకదానికి ఒక్క లైన్ కోడ్ చాలు. ఇంకోదానికి ఏటా లైసెన్సు డబ్బు కట్టాలి. అన్నీ "స్క్రీన్‌షాట్ బ్లాక్" అనే చెప్పుకుంటాయి, కానీ చేసే పనులు వేరు.

ముందే ఒక మాట. మనిషి కంటికి కనిపించేది ఫోన్ కెమెరాకూ కనిపిస్తుంది. డెస్క్‌టాప్ మీద దీన్ని పూర్తిగా ఆపే సాఫ్ట్‌వేర్ లేదు. ఈ సంగతి క్లయింట్‌తో మొదటి మీటింగ్‌లోనే ఒప్పించుకుంటే తరువాత సగం టెన్షన్ తగ్గుతుంది. అప్పుడు "ఎలా ఆపాలి" అని కాకుండా "ఎవరిని ఆపాలి" అని మాట్లాడుకోవచ్చు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీ భయం ఎవరి గురించి? నా లెక్కలో నాలుగు రకాలు.

మొదటిది పొరపాటు. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తూ జీతాల పట్టిక తెరిచి ఉంచిన మనిషికి దురుద్దేశం ఏమీ లేదు. రెండోది పక్కన నడిచే సాఫ్ట్‌వేర్: స్క్రీన్ రికార్డర్లు, రిమోట్ సపోర్ట్ టూల్స్, తెర మీదున్నదాన్ని తనంతట తాను ఫొటోలు తీసి దాచుకునే ఫీచర్లు, మాల్‌వేర్. మూడోది "ఒకసారి ఫ్రెండ్‌కి పంపుదాం" అని చేయి జారే ఉద్యోగి. నాలుగోది తెగించినవాడు. వాడి దగ్గర ఫోన్ ఉంది, ఓపిక ఉంది, అవసరమైతే మానిటర్‌కి వెళ్లే సిగ్నల్‌ని రికార్డు చేసే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు కూడా కొంటాడు.

దీని తరువాత చూడాల్సినవి మూడు. మీ యూజర్లు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉన్నారు? తప్పు చేయని మామూలు యూజర్‌కి మీ అడ్డుకట్ట వల్ల ఎంత ఇబ్బంది? బయటికి పొక్కాక ఎవరి దగ్గర నుంచి పొక్కిందో తెలియడం మీకు ముఖ్యమా? చాలామంది ఈ మూడో ప్రశ్న అడగరు. అసలు డబ్బు పెట్టాల్సింది అక్కడేనని తరువాతెప్పుడో గ్రహిస్తారు.

## ప్రింట్‌స్క్రీన్ కీని పట్టుకోవడం

ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. ప్రింట్‌స్క్రీన్ నొక్కినప్పుడు అడ్డుపడటం, క్లిప్‌బోర్డులో బొమ్మ కనిపిస్తే తుడిచేయడం, ఇదీ పద్ధతి. విండోస్‌తోనే వచ్చే స్క్రీన్‌షాట్ ప్రోగ్రామ్ స్నిప్పింగ్ టూల్‌ని మౌస్‌తో తెరిస్తే ఆ కీతో పనే లేదు. మీటింగ్ యాప్ షేరింగ్ అసలు ఏ కీనీ అడగదు. క్లిప్‌బోర్డుని అదేపనిగా తుడిచే ప్రోగ్రామ్ యూజర్ వేరే పని కోసం కాపీ చేసుకున్న బొమ్మనీ మింగేస్తుంది. పైగా కీలు పట్టుకునే ప్రోగ్రామ్ అంటే యాంటీవైరస్‌లు అనుమానంగా చూస్తాయి. వద్దు.

## ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పడం: "ఈ విండోని పట్టకు"

చాలామందికి మొదట అందేది, అందాల్సింది ఇదే.

విండోస్‌లో సెట్‌విండోడిస్‌ప్లేఅఫినిటీ అనే ఫంక్షన్ విండోస్ 7 నుంచి ఉంది. "మానిటర్" విలువ ఇస్తే క్యాప్చర్‌లో మీ విండో ఉన్నచోట నల్లటి చతురస్రం వస్తుంది. విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి "ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ క్యాప్చర్" అనే ఇంకో విలువ వచ్చింది. దీంతో నల్లటి మచ్చ కూడా ఉండదు, విండో అసలు లేనట్టే దాని వెనకున్నది కనిపిస్తుంది. పాత వెర్షన్లలో ఈ విలువే ఇచ్చినా "మానిటర్" లాగానే పనిచేస్తుంది. ఎలక్ట్రాన్‌లో (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు చేసే పనిముట్టు) రాసే యాప్‌లకైతే సెట్‌కంటెంట్‌ప్రొటెక్షన్ అనే ఒక్క పిలుపు చాలు, విండోస్‌లోనూ మాక్‌లోనూ కావాల్సిన ఫంక్షన్‌ని అదే పిలుస్తుంది.

దీని విలువ ఎక్కడుందో ఇటీవలి ఉదాహరణ చెబుతుంది. మైక్రోసాఫ్ట్ 2024 మేలో రీకాల్ అనే ఫీచర్ ప్రకటించింది. తెర మీద జరిగేదాన్ని మాటిమాటికీ ఫొటోలు తీసి, తరువాత వెతుక్కునేందుకు దాచిపెట్టడం దాని పని. విమర్శలు రావడంతో వాయిదా వేసి, మార్పులు చేసి, 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. మరుసటి నెలలోనే మెసేజింగ్ యాప్ సిగ్నల్ తన విండోస్ 11 డెస్క్‌టాప్ యాప్‌లో స్క్రీన్ సెక్యూరిటీ పేరుతో ఈ అడ్డుకట్టని డిఫాల్ట్‌గా ఆన్ చేసేసింది. యూజర్ కావాలంటే ఆఫ్ చేసుకోవచ్చు. పాస్‌వర్డ్ మేనేజర్ కీపాస్‌ఎక్స్‌సీ అంతకు చాలా ముందే, 2022లో వచ్చిన 2.7 వెర్షన్ నుంచి, విండోస్, మాక్‌లలో ఇదే పని చేస్తోంది. ఇద్దరూ ఆపుతున్నది తమ యూజర్‌ని కాదు, యూజర్ పక్కన నడిచే సాఫ్ట్‌వేర్‌ని.

ఇక దీని లోపాలు. మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది: ఇది సెక్యూరిటీ ఫీచర్ కాదు, కచ్చితంగా కాపాడుతుందన్న హామీ లేదు. విండోకి పెట్టిన ఈ "పట్టకు" అనే గుర్తుని బయటి ప్రోగ్రామ్ నేరుగా తీసేయడం కుదరదు కానీ, మీ ప్రోగ్రామ్‌లోకి కోడ్ ఎక్కించి తీయించగలదు. అలాంటి టూల్స్ ఉచితంగానే దొరుకుతాయి. యాప్‌ని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) నడిపి బయటి నుంచి ఫొటో తీస్తే గుర్తు ఉన్నా లేనట్టే.

మాక్‌లో దీనికి సాటి, విండోలను నడిపే ఎన్ఎస్‌విండోలోని షేరింగ్‌టైప్ అనే సెట్టింగ్. దాన్ని "నన్" అని పెడితే పాత పద్ధతిలో క్యాప్చర్ చేసే యాప్‌లకు విండో కనపడదు. కానీ యాపిల్ మాక్‌ఓఎస్ 12.3 వెర్షన్‌లో తెచ్చిన కొత్త క్యాప్చర్ పద్ధతి స్క్రీన్‌క్యాప్చర్‌కిట్ వాడే రికార్డర్లు కొత్త మాక్‌ఓఎస్‌లలో ఈ గుర్తుని ఖాతరు చేయడం లేదు. ఒకప్పుడు గట్టి గోడ, ఇప్పుడు తడిక. మాక్‌లో కాస్త ఊరట ఏమిటంటే, 2019 నాటి క్యాటలీనా నుంచి ఏ యాప్ అయినా స్క్రీన్ రికార్డ్ చేయాలంటే యూజర్ అనుమతి ఇవ్వాలి.

లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 మీద ఏ ప్రోగ్రామ్ అయినా మొత్తం తెరని చదివేయగలదు, దాన్ని కాదనే గుర్తు ఏదీ లేదు. దాని స్థానంలో వచ్చిన వేలండ్‌లో క్యాప్చర్ కంపోజిటర్ (విండోలన్నీ కలిపి తెర మీద గీసే ప్రోగ్రామ్) చేతిలో ఉంటుంది, సాధారణంగా యూజర్ అనుమతి అడుగుతుంది. అయినా "నా విండోని వదిలేయి" అని అన్ని డెస్క్‌టాప్‌లలో ఒకేలా చెప్పే దారి మీ యాప్‌కి లేదు. ఎలక్ట్రాన్ పిలుపు కూడా లినక్స్‌లో పనిచేయదు. యూజర్లలో లినక్స్ వాళ్లు గణనీయంగా ఉంటే ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకో చిక్కు చేసి చూస్తేనే తెలుస్తుంది. ఈ గుర్తు ఒక్కో టాప్-లెవెల్ విండోకి (ఇంకో విండో లోపల భాగం కాకుండా తెర మీద సొంతంగా నిలిచేది) విడివిడిగా పెట్టాలి. నేను పనిచేసిన ఒక జీతాల సాఫ్ట్‌వేర్‌లో మెయిన్ విండోకి పెట్టాం, టెస్ట్ చేశాం, స్క్రీన్‌షాట్‌లో విండో మాయం. సంతోషించాం. తరువాత ఒకాయన సెర్చ్ బాక్స్‌లో రెండక్షరాలు టైప్ చేసి స్నిప్ తీశాడు. విండో లేదు గానీ, ఉద్యోగుల పేర్ల లిస్టు మాత్రం డెస్క్‌టాప్ వాల్‌పేపర్ మీద గాల్లో వేలాడుతోంది. ఆ డ్రాప్‌డౌన్ వేరే పాపప్ విండో అని మాకు అప్పటిదాకా తట్టలేదు. టాస్క్‌బార్ కూడా మీ విండో కాదు, కాబట్టి టైటిల్‌లో కస్టమర్ పేరు పెడితే అది అక్కడ కనిపిస్తూనే ఉంటుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఇంకో సంగతి జరిగింది. గుర్తు పెట్టిన వారంలో ఒక అకౌంటెంట్ మేడమ్ ఫోన్ చేశారు. ఎర్రర్ వస్తోందట. మా సపోర్ట్ అబ్బాయి స్క్రీన్ షేర్ చేయమన్నాడు.

"చూడండి, ఎర్ర అక్షరాల్లో వచ్చింది కదా?"

"మేడమ్, నాకు ఫోల్డర్లే కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేయండి."

"ఓపెన్ చేసే ఉంది బాబూ! ఎదురుగానే ఉంది!"

అతని వైపు కర్సర్ ఒక్కటే ఖాళీ డెస్క్‌టాప్ మీద అటూ ఇటూ తిరుగుతోంది. పావుగంట పట్టింది, లోపం ఆమె దగ్గర లేదు, మా దగ్గరే ఉందని తేలడానికి. "మానిటర్" విలువ పెట్టి ఉంటే నల్లటి మచ్చ చూసి కనీసం "ఏదో అడ్డుపడుతోంది" అని అర్థమయ్యేది. అప్పటి నుంచి ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి నల్లటి మచ్చే మేలని నా అభిప్రాయం. మాయమైపోవడం కంటే, దాస్తున్నానని చెప్పి దాచడం నయం.

స్క్రీన్ మాగ్నిఫైయర్, స్క్రీన్ రీడర్ లాంటివి వాడే చూపు తక్కువవాళ్లకు కూడా దీనివల్ల ఇబ్బంది రావచ్చు. సిగ్నల్ ఈ సంగతి బాహాటంగానే ఒప్పుకుంది, అందుకే ఆఫ్ చేసే స్విచ్ ఇచ్చింది. మీరూ ఇవ్వండి. ఆఫ్ చేసినప్పుడు లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసుకునే చిట్టాలో, నమోదైతే చాలు.

## అసలు తక్కువ చూపించడం (మాస్కింగ్)

స్క్రీన్ మీద లేనిదాన్ని ఎవరూ ఫొటో తీయలేరు. ఈ పద్ధతి ఫోన్ కెమెరా మీద కూడా పనిచేస్తుంది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఒకటే. ఇంత లాభం ఉన్నా డెవలపర్లు దీన్ని చివరికి వదిలేస్తారు, ఎందుకంటే ఇది కోడ్ పని కంటే "ఈ నంబరు ఇక్కడ ఎవరికి కావాలి?" అని పది మందిని అడిగి తిరిగే పని.

కార్డు చెల్లింపుల ప్రపంచంలో ఇది పాత నియమమే. కార్డు వివరాల భద్రత కోసం ఉన్న పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం ప్రకారం, పని అవసరం ఉన్నవాళ్లకు తప్ప కార్డు నంబరు మొత్తం చూపించకూడదు. మొదట్లో బ్యాంకుని తెలిపే అంకెలు, చివర నాలుగు అంకెలు, అంతవరకే. ఇదే ఆలోచన మీ స్క్రీన్‌కీ తెచ్చుకోండి. పూర్తి వివరం కావాలంటే "చూపించు" బటన్ నొక్కాలి, అర నిమిషంలో మళ్లీ మూసుకుపోవాలి. ముఖ్యంగా, నొక్కేదాకా ఆ వివరం సర్వర్ నుంచి రాకూడదు. ముందే తెచ్చి చుక్కల వెనక దాచితే అది తెర చాటు మాత్రమే. నొక్కినప్పుడే తెస్తే ఎవరు, ఎప్పుడు, ఏ రికార్డు చూశారో సర్వర్ దగ్గర దానంతట అదే నమోదవుతుంది.

అతి చేస్తే బెడిసికొడుతుంది. వేరే విండో మీద క్లిక్ చేయగానే అంతా మసకబారే డిజైన్ చాలామందికి నచ్చుతుంది, డెమోలో బాగుంటుంది కూడా. కానీ రెండు మానిటర్ల మధ్య అంకెలు సరిచూసుకునే మనిషికి అది నరకం. ఆయన ఏం చేస్తాడు? అంకెలన్నీ చీటీ మీద రాసుకుంటాడు. ఆ చీటీ సాయంత్రానికి చెత్తబుట్టలో ఉంటుంది. పోలికలు, సరిచూడటాలు రోజంతా ఉండే పనిలో మాస్కింగ్‌ని పొదుపుగా వాడండి.

## వాటర్‌మార్క్, దాని వెనక లాగ్

ఇది ఎవరినీ ఆపదు. కానీ తీసేముందు చేయి కాస్త వెనక్కి లాగుతుంది. తన యూజర్ ఐడీ, తేదీ, సమయం తెర నిండా లేత రంగులో ఏటవాలుగా కనిపిస్తుంటే "ఫ్రెండ్‌కి పంపుదాం" అనుకునే మూడో రకం మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణమే మీరు కొనేది. ఒక మూలన పెడితే కత్తిరించేస్తారు, కాబట్టి పదేపదే రావాలి. ఫోన్ నంబరు లాంటి సొంత వివరాలు మాత్రం పెట్టకండి. బొమ్మ పొక్కితే అవీ పొక్కుతాయి.

కంటికి కనిపించని వాటర్‌మార్కులు కూడా అమ్ముతారు. చదివేవాళ్లకు అడ్డురాకపోవడం వాటి సుఖం. అయితే మెసేజింగ్ యాప్‌లు బొమ్మని కుదించినప్పుడు, ఫోన్‌తో ఏటవాలుగా తీసినప్పుడు ఆ గుర్తు ఎంతవరకు నిలుస్తుందో ఒక్కో ఉత్పత్తికి ఒక్కోలా ఉంటుంది. అమ్మేవాళ్ల డెమో బొమ్మల మీద కాకుండా మీ ఫోన్‌తో మీరు తీసిన బొమ్మల మీద పరీక్షించమని అడగండి.

వాటర్‌మార్క్ లాంటి గుర్తుకంటే లాగ్ ఎక్కువ పని చేస్తుందని చెప్పే ప్రసిద్ధ కేసు ఒకటుంది. 2017లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ రహస్య పత్రం ఒకటి ఒక వార్తాసంస్థకు చేరింది. ఏ ప్రింటర్ నుంచి వచ్చిందో తెలిపేలా ప్రింటర్ వేసిన కనపడని పసుపు చుక్కల గురించే అందరూ మాట్లాడుకున్నారు. కానీ అరెస్టు కాగితాల్లో రాసింది వేరు: ఆ పత్రాన్ని ప్రింట్ తీసినవాళ్లు ఆరుగురేనని అంతర్గత ఆడిట్‌లో తేలింది, అందులో రియాలిటీ విన్నర్ అనే ఒక్కరి ఆఫీస్ కంప్యూటర్ నుంచి ఆ వార్తాసంస్థతో ఈమెయిల్ సంబంధం కనిపించింది. ఆరుగురే ప్రింట్ తీశారని చెప్పగల లాగ్ ఉంటే వెతుకులాట అక్కడికే సగం అయిపోతుంది.

ఒక హెచ్చరిక. మీ ఆఫీసులో ఒకే లాగిన్‌ని ముగ్గురు వాడుతుంటే వాటర్‌మార్క్ పెట్టకండి. అది తప్పుడు సాక్ష్యం చెబుతుంది. ముందు లాగిన్లు విడదీయండి.

## డీఆర్ఎం

డీఆర్ఎం అంటే కాపీ చేయకుండా కంటెంట్‌కి వేసే డిజిటల్ తాళం. వైడ్‌వైన్, ప్లేరెడీ, ఫెయిర్‌ప్లే లాంటివి వీడియో కోసం పుట్టినవి. హార్డ్‌వేర్ స్థాయిలో పనిచేసినప్పుడు వీడియో ఫ్రేములు మామూలు మెమరీలోకే రావు, మానిటర్‌కి వెళ్లే సిగ్నల్‌ని గుప్తంగా మార్చే హెచ్‌డీసీపీ కేబుల్ దాకా కాపలా కాస్తుంది, స్క్రీన్‌షాట్‌లో నల్లగా వస్తుంది. సాఫ్ట్‌వేర్ స్థాయిలో పనిచేసే చోట్ల అంత గట్టిగా ఉండదు. హెచ్‌డీసీపీ మాస్టర్ కీ 2010లోనే బయటపడింది. మీరు అమ్మేది వీడియో కోర్సులు, సినిమాలు అయితే ఇది చూడండి. ఫారాలు, పట్టికలు, చాట్‌లకి ఇది పనికొచ్చే పనిముట్టు కాదు.

## రిమోట్ డెస్క్‌టాప్, డాక్యుమెంట్ హక్కులు

పెద్ద సంస్థలకి ఇంకో దారి ఉంది: డేటాని యూజర్ మెషీన్‌కి పంపకుండా దూరాన ఉన్న డెస్క్‌టాప్‌లో చూపించడం. మైక్రోసాఫ్ట్ వారి అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ క్యాప్చర్ ప్రొటెక్షన్ ఉంది, ఇలాంటి సేవలే అమ్మే సిట్రిక్స్‌లో యాప్ ప్రొటెక్షన్ ఉంది. సిట్రిక్స్‌ది కీలాగర్ల (టైప్ చేసినదాన్ని దొంగచాటుగా నమోదు చేసే ప్రోగ్రామ్‌లు) మీద కూడా కాపలా కాస్తుంది. ఆఫీస్ డాక్యుమెంట్లకైతే ఎవరు ఏం చేయవచ్చో నిర్ణయించే మైక్రోసాఫ్ట్ సెన్సిటివిటీ లేబుల్స్‌తో కాపీ హక్కు తీసేస్తే ఆఫీస్ యాప్‌లలో స్క్రీన్ క్యాప్చర్ కూడా ఆగుతుంది.

అసలు లాభం స్క్రీన్‌షాట్ ఆగడం కాదు, ఫైలు బయటికి పోకపోవడం. ఖర్చు ఎక్కువ. నెట్ నెమ్మదిస్తే టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా వస్తుంది. రక్షణకు తగిన క్లయింట్ లేని మెషీన్ నుంచి కనెక్షనే ఇవ్వరు, కాబట్టి పాత ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్ల ఫోన్లు సపోర్ట్‌కి వరస కడతాయి. కెమెరా సంగతి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

## ఒక చూపులో

| పద్ధతి | పొరపాటు | పక్క సాఫ్ట్‌వేర్ | చేయి జారే ఉద్యోగి | ఫోన్ కెమెరా | యూజర్‌కి ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| కీ పట్టుకోవడం | లేదు | లేదు | కొంచెం | లేదు | ఎక్కువ |
| విండో గుర్తు, విండోస్ | బాగా | చాలావరకు | చాలావరకు | లేదు | మధ్యస్థం |
| విండో గుర్తు, మాక్ | కొంత | తక్కువ | కొంత | లేదు | మధ్యస్థం |
| మాస్కింగ్ | బాగా | బాగా | కొంత | కొంత | పనిని బట్టి |
| వాటర్‌మార్క్, లాగ్ | లేదు | లేదు | బాగా | తరువాత దొరుకుతాడు | తక్కువ |
| డీఆర్ఎం (వీడియో) | బాగా | బాగా | బాగా | లేదు | మధ్యస్థం |
| రిమోట్ డెస్క్‌టాప్ | బాగా | బాగా | చాలావరకు | లేదు | ఎక్కువ |

## మీరు ఎవరైతే ఏది

చాట్, పాస్‌వర్డ్, నోట్స్ లాంటి యాప్ చేస్తుంటే యూజరే డేటా యజమాని. ఆయన మీద నిఘా అక్కర్లేదు. విండో గుర్తు డిఫాల్ట్‌గా ఆన్, సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసే వీలు. వాటర్‌మార్క్ మాట ఎత్తకండి.

ఇద్దరు ముగ్గురు డెవలపర్లున్న చిన్న టీమ్, ఆఫీసుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకోండి. మొదటి నెల మాస్కింగ్‌కి, సర్వర్ లాగ్‌కి ఇవ్వండి. నల్లటి మచ్చ రకం విండో గుర్తుని సున్నితమైన స్క్రీన్లకే పెట్టండి, యాప్ అంతటికీ కాదు. ఎర్రర్ డైలాగులకి అసలు పెట్టొద్దు, వాటిలో కస్టమర్ వివరాలు రాకుండా చూసుకుంటే చాలు. సపోర్ట్ వాళ్లు మీకు రుణపడి ఉంటారు.

వందల మంది కాల్ సెంటర్ ఉద్యోగులు కస్టమర్ల రికార్డులు చూసే సంస్థ అయితే విడివిడి లాగిన్లు, కనిపించే వాటర్‌మార్క్, ఎవరు ఏం తెరిచారన్న లాగ్, ఈ మూడూ తప్పనిసరి. రిమోట్ డెస్క్‌టాప్ ఖర్చు భరించగలిగితే ఆ తరువాత.

యూజర్లు సగం మాక్, సగం విండోస్ అయితే మాక్ వాళ్లని లెక్కలోకి తీసుకునే డిజైన్ చేయండి. "స్క్రీన్‌షాట్లు ఆపుతాం" అని బ్రోషర్‌లో రాస్తే, మొదట దొరికిపోయేది మాక్ మీదే.

## విడుదల చేసే ముందు

ఒక గంట పెట్టండి. స్నిప్పింగ్ టూల్, స్క్రీన్ రికార్డర్ ఓబీఎస్, మీ కస్టమర్లు ఎక్కువగా వాడే మీటింగ్ యాప్, ఒక రిమోట్ సపోర్ట్ టూల్, నాలుగింటితోనూ క్యాప్చర్ చేసి చూడండి. మీటింగ్ యాప్‌లో "విండో షేర్", "మొత్తం స్క్రీన్ షేర్" రెండూ చూడండి. ప్రతి డ్రాప్‌డౌన్, టూల్‌టిప్, ప్రింట్ ప్రివ్యూ, నోటిఫికేషన్ ఒక్కోటి తెరిచి మళ్లీ తీయండి. మాగ్నిఫైయర్ ఆన్ చేసి ఒక ఫారం నింపండి. ఆఖరున మీ ఫోన్‌తో తెరని ఫొటో తీసి, మెసేజింగ్ యాప్‌లో పక్క సీటు వాళ్లకి పంపి, వాటర్‌మార్క్‌లో ఏం రాసుందో వాళ్లని చదవమనండి. చదవలేకపోతే రంగు కాస్త ముదురు చేసి ఇంకోసారి తీయండి.